కాళ్లకు తెలిసిన దారి

ఆదివారం పొద్దున మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తున్నాను. వేడి చేసిన కొబ్బరినూనె వాసన గదంతా కమ్ముకుని ఉంది. జుట్టు వేళ్ల మధ్య జారుతోంది. దాని ఒళ్లో ఒక బొమ్మ ఉంది, ఆ బొమ్మకూ జుట్టు ఉంది. "అమ్మమ్మా, మూడు పాయల్లో ముందు ఏది ఏడికి పోతది? చెప్పు, నేను దీనికి ఏస్త" అని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాను. మాట రాలేదు సరికదా, వేళ్లు కూడా ఆగిపోయాయి. ఒకసారి ఆగాక ఏ పాయ వంతు వచ్చిందో నాకే తెలియలేదు. చివరికి కళ్లు మూసుకుని వేళ్లను వాటి మానాన వదిలేశాను. అవి అల్లుకుంటూ పోతుంటే, వాటిని చూసి చదువుతున్నట్టుగా, కుడి పాయ నడిమి దాని మీదికి, ఆ తరువాత ఎడమది అని చెప్పగలిగాను. "నీకు తెల్వది, నీ ఏళ్లకు తెలుసు" అని నవ్వింది ఆ పిల్ల. ఈ మాటను ఇంచుమించు ఇలాగే అరవై ఏళ్ల కిందట నాతో ఒకరు అన్నారు. ఆమె ఎస్తేరమ్మ టీచర్. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది బీదర్. నాన్న ఒక ఆస్పత్రిలో గాయాలకు కట్లు కట్టే పని చేసేవాడు. నేను బడికి పోయే వయసు వచ్చేనాటికి మా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్లయింది. నాన్న చదివిన నాలుగు ముక్కలూ ఉర్దూలో. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు. గల్లీలో ఆడుకునేది దక్కనీలో. బడిలో మాత్రం అంతా కన్నడం. పెద్దవాళ్లు ఈ భాషల మధ్య రోజూ సులువుగా తిరుగుతూనే ఉండేవారు. నాకు మాత్రం బడి గడప దాటగానే నోరు మూతపడేది. ఉపాధ్యాయుడు అడిగింది సగం అర్థమయ్యేది, అర్థమైనదానికి జవాబు లోపల ఎక్కడో కదిలేది, కాని బయటికి వచ్చేది కాదు. పలక మీద అక్షరాలను దిద్దమంటే దిద్దేదాన్ని. అది ఏమి అక్షరమని అడిగితే పలక వంక చూస్తూ నిలబడేదాన్ని.

కొన్ని నెలలు చూసి హెడ్మాస్టరు నాన్నను పిలిపించాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. బడికి కొత్తగా వచ్చిన ధార్వాడ వైపు మనిషి, మా తెలుగు ఆయనకు రాదు. ఈ పిల్లకు ఏదీ తలకెక్కడం లేదు, ఒకటి రెండేళ్లు ఇంట్లో ఉంచుకుని తరువాత చూద్దాం అన్నాడట. ఆ సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని అమ్మతో అన్న మాట నాకు గుర్తుంది. "జనవాడకు తోలిస్తె అవ్వకు తోడుంటది. ఆడ మేకలున్నయి, పొలం ఉన్నది. బళ్లె ఉట్టిగ కూసుంటె ఏం ఫాయిదా?" అమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "ఇంట్ల అన్ని పనులు జెప్పకముందే చేస్తది. బుర్ర లేకుంటె ఎట్ల చేస్తది?" అంది. అవ్వ ఊరికి పోవడం నాకు ఇష్టమే, కాని ఒకసారి పోయినవాళ్లు తిరిగి బడికి వచ్చింది లేదు. మా గల్లీలోనే అలా పోయిన ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లను తిరిగి చూసింది పెళ్లిళ్లలోనే.

ఎస్తేరమ్మ టీచర్ మా గల్లీ చివరి ఇంట్లో ఉండేది. మా బడిలోనే చిన్న తరగతికి చెప్పేది, కాని నేను ఆ ఏడు ఆమె తరగతిలో లేను. హళ్ళిఖేడ్‌లో పుట్టి, చిన్నప్పుడే ఎక్కడో హాస్టలులో ఉండి తెలుగులో చదువుకుంది. పెళ్లి చేసుకోలేదు. రాష్ట్రం మారినప్పుడు, నలభై దగ్గరపడుతున్న వయసులో, ఉద్యోగం నిలవాలంటే కన్నడం పరీక్ష రాయాల్సి వచ్చిందట. ఆ సంగతి ఆమె నవ్వుతూ చెప్పేది. "పుస్తకం పట్టుకొని కూసుంటె ఒక్క ముక్క ఎక్కలే. కూరగాయల అంగట్ల బెండకాయలు ఏరుకుంట నేర్చుకున్న. చేతిల కాయ ఉంటె మాట దాని ఎన్కనె వస్తది." పొడవైన మనిషి, చామనఛాయ. గట్టిగా మాట్లాడేది. కోపమూ ఎక్కువే. తెల్లచీరకు సన్నని రంగు అంచు ఉండేది, ఆ అంచు ఎప్పుడూ మట్టి పట్టి ఉండేది. ఎందుకంటే ఆమె కుర్చీలో కూర్చోవడం కంటె పిల్లలతో నేల మీద కూర్చోవడమే ఎక్కువ.

నా సంగతి విని ఆమె మా ఇంటికి వచ్చింది. నాన్నతో మాట్లాడకముందే వచ్చి నా ముందు కూర్చుంది. "నువ్వు ఇంట్ల బియ్యం చెరుగుతవట గదా. రాళ్లు ఒక దిక్కు, బియ్యం ఒక దిక్కు ఎట్లైతయి? నాకు రాదు, జెప్పు." నేను తల వంచుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. లేచి వెళ్లి అమ్మ దగ్గరున్న చాటను తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చెరిగి చూపించాను. మణికట్టును కాస్త అటు వంచి, ముందుకు కొట్టి, వెనక్కు లాగితే రాళ్లు చాట మూలకు చేరాయి. ఆమె వంగి చాలాసేపు నా చేతులనే చూసింది. "జూసినవా, నీకు మంచిగనె ఎరుక. నీ నోటికె ఇంక ఎరుక గాలె" అంది. తరువాత నాన్న వైపు తిరిగి, "జర సబర్ చెయ్ దేవదానం. క్రిస్మస్ దాక ఈ పొల్లను నా క్లాసుల కూసోనియ్. అప్పటికి గూడ గిట్లనె ఉంటె జనవాడకు నేనె తోల్కపోత" అంది. నాన్నకు ఆమె అక్క వరుస. కాదనలేకపోయాడు.

దసరా సెలవుల తరువాత మమ్మల్ని కోట చూపించడానికి తీసుకుపోయారు. బీదర్ పిల్లలకు కోట కొత్త కాదు, అయినా బడి తరఫున వరసలో నడిచి పోవడం పండగలా ఉంది. ఎర్రరాతి గోడలు, ఒక దర్వాజా దాటితే ఇంకో దర్వాజా, లోపల కూలిన మహళ్లు. అన్నం తిన్నాక కాసేపు ఆడుకోండని వదిలారు. నాతో శరణమ్మ అనే అమ్మాయి ఉంది. కిరాణా దుకాణం వాళ్ల బిడ్డ, నా కంటె చిన్నది. ఆమెది కన్నడం, నాది తెలుగు. ఇద్దరం ఒకరి మాట ఒకరికి రాకపోయినా ఏనాడూ ఇబ్బంది పడలేదు. మేం రైలాట మొదలుపెట్టాం. నేను ఇంజను, ఆమె నా గౌను వెనక నాడాను పట్టుకున్న డబ్బా. కూత వేసుకుంటూ, చుకుచుకుమంటూ రాళ్ల మధ్య నుంచి, కూలిన గదుల్లో నుంచి, ఎక్కడికో పోయాం. ఒకచోట నేల పగిలి సీతాఫలం చెట్టు లేచి ఉంది. పండు కోసం శరణమ్మ ఒక కాలు బండ మీద పెట్టి పైకి లేవబోయింది. రెండు బండల మధ్య రెండో కాలు చీలమండ దాకా దిగబడింది. నేను లాగాను, రాలేదు. ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నన్ను పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. నేను పరుగెత్తాను.

పరుగెత్తి వచ్చేసరికి బడివాళ్లు పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్క చూస్తున్నారు. హెడ్మాస్టరు నన్ను చూసి, "శరణమ్మ ఎల్లి?" అన్నాడు. ఎల్లి అంటే ఎక్కడ అని నాకు తెలుసు. "చెట్టుకాడ" అన్నాను తెలుగులో. కోటంతా చెట్లే. ఏ చెట్టు అని ఎవరో అడిగారు. సీతాఫలం చెట్టు అన్నాను. కోటంతా సీతాఫలం చెట్లే. చౌకీదారు ముసలాయన దగ్గరికి వచ్చి మెల్లగా, "బోల్ బేటీ, కిధర్?" అన్నాడు. నేను ఒకవైపు చెయ్యి చూపించాను. మనుషులు అటు పరుగెత్తారు. నాకు అనుమానం వచ్చి ఇంకోవైపు చూపించాను. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. అప్పుడు చౌకీదారు, అటు వైపు గోడ లేని పాత బావి ఒకటి ఉందని, ఇంకా అవతల కందకం ఉందని అన్నాడు. పెద్దవాళ్లందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మూడు భాషల్లోనూ ఒకటే ప్రశ్న. ఎంత గట్టిగా అడిగితే నాకు ఆ చోటు అంత దూరం జరిగిపోయింది. కొంచెం సేపటికి నాకు చెట్టు కూడా కనిపించడం మానేసింది.

ఎస్తేరమ్మ టీచర్ నీళ్లకు పోయిన పిల్లల్ని వెంటబెట్టుకుని అప్పుడే వచ్చింది. సంగతి విని, "అందరు జర సప్పుడు చెయ్యకున్రి" అంది. ఆ మాట ఎవరితో అందో గాని, హెడ్మాస్టరుతో సహా అందరూ ఊరుకున్నారు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎక్కడ అని అడగలేదు.

"ఏం ఆడుకుంట పోయిన్రు బిడ్డా?"

"రైలు."

"ఇంజను ఎవరు?"

"నేను."

ఆమె లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. నా వెనకాలకు వచ్చి, అంత పొడవు మనిషి నడుము సగానికి వంచి, నా గౌను నాడాను పట్టుకుంది. "పోనియ్ మరి" అంది.

మొదట కాళ్లు కదల్లేదు. ఆమె వెనక నుంచి చిన్నగా చుకుచుకుమంది. నేను నడిచాను. కొంచెం నడిచేసరికి నడక దానంతట అదే పరుగైంది. ఒక విరిగిన గోడను ఎడమ చేత్తో తడుముకుంటూ పోయాను, ఎందుకంటే అప్పుడూ అలాగే తడుముకుంటూ పోయాను. మెట్లు దిగాను. ఒక చోట రెండు దారులు వచ్చి ఆగిపోయాను. వెనక హెడ్మాస్టరు ఏదో అనబోతే టీచరమ్మ చెయ్యి ఎత్తి ఆపడం నాకు నీడలో కనిపించింది. ఆమె మాత్రం ఏమీ అడగలేదు. నేను అక్కడ నిలబడి కూత వేశాను. మేం అంతకుముందు అక్కడ కూత వేసి ఉన్నాం. కూత నోట్లో ఉండగానే ఒళ్లు కుడివైపు తిరిగింది. ఆ తరువాత ఇక ఆగింది లేదు.

శరణమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. కాలు ఇంకా బండల మధ్యనే ఉంది. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. చేతికి అందిన పండు తిని, గింజలను పక్కన వరసగా పేర్చుకుంటోంది. ఆమె ముందు గమనించింది వచ్చిన మనుషుల్ని కాదు. నా గౌను పట్టుకుని వంగి ఉన్న టీచరమ్మను చూసి, "అదు నన్న జాగ" అంది. అది నా చోటు అని. టీచరమ్మ నాడా వదిలి అక్కడే నేల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చౌకీదారు గునపంతో బండను కాస్త పైకి లేపాడు. హెడ్మాస్టరు శరణమ్మను ఎత్తుకుని భుజం మీద వేసుకున్నాడు. చీలమండ గీరుకుపోయింది, అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి తీశాడు.

మరునాడు టీచరమ్మ బడి వరండాలో తడిపిన ఎర్రమట్టి కుప్ప పోసింది. "నిన్నటి రైలు దారి చేసి పెట్టు" అంది. నేనూ శరణమ్మా మరో నలుగురూ కూర్చుని గోడలు కట్టాం, మెట్లు చేశాం, వేపపుల్లను సీతాఫలం చెట్టుగా గుచ్చాం. దారిని వేలితో నడిచాం. ఆ రోజు కాళ్లు చేసిన పనిని వేలు చేసింది. కొన్నాళ్లకు మట్టి ఎండి చెరిగిపోయింది. అప్పుడు బొగ్గు ముక్క ఇచ్చి గచ్చు మీద గీయమంది. మట్టిలో చేసినదాన్ని గీతల్లో పెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మెట్లను పక్కనుంచి చూసినట్టు గీశాను, గోడను ఎదురుగా చూసినట్టు గీశాను, చెట్టును పడుకోబెట్టాను. శరణమ్మ కాలు మాత్రం కోట దర్వాజా కంటె పెద్దదిగా వచ్చింది. అటుగా పోతున్న హెడ్మాస్టరు ఆగి చూసి పెద్దగా నవ్వాడు. టీచరమ్మ ఆయనతో కన్నడంలో అన్న మాటను తరువాత మాకు తెలుగులో చెప్పింది: "ఆ దినం ఆ పొల్లకు కోట పెద్దగ కనపడలే సారు. కాలె పెద్దగ కనపడ్డది. ఆమె మనసుల ఎట్లున్నదో అట్ల గీసింది."

ఆమె నన్ను తొందరపెట్టలేదు. రోజూ ఆ బొమ్మ దగ్గరికి ఒకసారి వచ్చేది. కొన్నాళ్లు పోయాక వంగి, నేను గోడ వెంట తిరిగిన మలుపు మీద వేలు పెట్టి, "ఎడక్కె" అనేది. కూత వేసిన చోట వేలు పెట్టి, "బలక్కె" అనేది. ఎడమకు, కుడికి అని కన్నడంలో. అంతకుముందు ఆ మాటలు చాలాసార్లు విన్నాను, కవాతులో మాస్టరు అరిచేవాడు. అప్పుడు అవి నా మీద పడిన మాటలు. ఇప్పుడు ఆ మలుపులు నావి. నా కాళ్లలో ఉన్నాయి, నేను గీసిన గీతలో ఉన్నాయి. మాట వచ్చి వాటి పక్కన కూర్చుంది, అంతే. కన్నడం నాకు మొదటిసారి ఇంటి మాటలా అనిపించింది ఆ రెండు మాటలతోనే. తరువాత మెట్లకు మాట వచ్చింది, గోడకు వచ్చింది, రాయికి వచ్చింది. వాటిని పలక మీద రాసి చూపినప్పుడు, ఆ అక్షరాల వెనక నాకు కోట కనిపించేది. అక్షరం ఏమిటని అడిగితే ఇక పలక వంక ఊరికే చూస్తూ నిలబడలేదు.

క్రిస్మస్ సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం టీచరమ్మ నన్ను తరగతి ముందు నిలబెట్టి, కోటలో దారి చెప్పమంది. మట్టి లేదు, బొగ్గు లేదు, చేతిలో ఏమీ లేదు. నేను చెప్పాను. సగం తెలుగు, సగం కన్నడం, తప్పులు ఎన్నో. కాని మొదటి దర్వాజా నుంచి సీతాఫలం చెట్టు దాకా, కదలకుండా నిలబడి, మాటలతోనే పోయాను. శరణమ్మ మధ్యలో ఒకచోట లేచి, అక్కడ మెట్లున్నాయి, నువ్వు మరిచిపోయావంది. కదలకుండా నిలబడ్డానని నేను అనుకున్నాను గాని, నా కాలివేళ్లు నేల మీద సన్నగా కదులుతూనే ఉన్నాయని టీచరమ్మ తరువాత చెప్పింది. కిటికీ దగ్గర హెడ్మాస్టరు నిలబడి విన్నాడట. ఆ సాయంత్రం ఆయనే ఆస్పత్రికి పోయి, కట్టు కడుతున్న నాన్న పక్కన నిలబడి, "ఇర్లి బిడి, సాలిగె బర్లి" అన్నాడట. ఉండనీయండి, బడికి రానీయండి అని. నాన్న ఆ కన్నడం మాటలను మాకు అప్పజెప్పుతుంటే అమ్మ, "నేను ముందె జెప్పిన గద" అంది.

ఇలా చెబుతుంటే టీచరమ్మ ఎప్పుడూ తప్పు చేయనిదని అనిపించవచ్చు. అలా ఏమీ కాదు. మా తరువాత ఆమె తరగతికి మోజెస్ అని ఒక అబ్బాయి వచ్చాడు. వాడికి అంకెలంటే ప్రాణం. గింజలు పేర్చు, పుల్లలు పేర్చు అని ఆమె చెబుతుంటే వాడు విసుగుపడేవాడు. ఒకరోజు గింజల డబ్బాను తోసేసి ఏడ్చాడు. ఆమె కోపంతో వాడిని బయట నిలబెట్టింది. తరువాత వాడు వరండా స్తంభం మీద సుద్దముక్కతో రాసుకున్న లెక్కలను మొదటి నుంచి చివరిదాకా చూసింది. "వీనికి నా గింజలు అక్కర్లేదు. వీడు ఎప్పుడో దాటిపోయిండు, నేనె ఈడ ఉన్న" అంది. వాడికి సుద్దముక్కలు ఇచ్చి వదిలేసింది. ఏ పిల్ల ఎక్కడుందో అక్కడికి మనం పోవాలి తప్ప, మనం ఉన్నచోటికి వాళ్లను లాగకూడదని ఆమె ఎక్కడా పాఠంలా చెప్పలేదు. ఆమె స్వయంగా నేర్చుకుంటుంటే మేం చూశాం.

నేను పెద్దదాన్నై, గుల్బర్గాలో ఉపాధ్యాయ శిక్షణలో చేరాను. ఆ రోజుల్లోనే రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. అక్కడ మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టారు ఒకనాడు, పిల్లలు తెలిసినదాన్ని లోపల దాచుకునే తీరు గురించి చెప్పారు. మొదట చేతలుగా దాచుకుంటారు, తరువాత బొమ్మలుగా, ఆ పైన మాటలుగా, గుర్తులుగా, ఇవి మూడు మెట్లని. రాసుకుంటున్న నా చెయ్యి ఆగిపోయింది. తరగతిలో అందరికీ అది పరీక్షకు వచ్చే ప్రశ్న. నాకు మాత్రం ఎర్రమట్టి వాసన వేసింది.

సెలవులకు వచ్చి ఆ సంగతి టీచరమ్మకు చెప్పాను. ఆమె వాకిట్లో మంచం మీద చింతపండు ఒలుస్తోంది. శ్రద్ధగా విన్నది, మళ్లీ చెప్పించుకుంది. "మీ సారు మంచిగ జెప్పిండు. నేను ఇన్నేండ్ల సంది చేసుకుంట పోయిన గాని గిట్ల మూడు అని విడదీసి ఎప్పుడు చూడలె. నాకు అక్కరకొచ్చె మాట" అంది. కొంతసేపు ఒలిచి మళ్లీ అంది: "ఒక్కటే అనుమానం. మూడు మెట్లు అన్నడా? మెట్లంటె పైకెక్కినంక కింది మెట్టుతోని పని లేదు. ఇది గట్ల కాదు బిడ్డా. ఇల్లు లెక్క. ముందుగాల ఒక అర్ర కట్టుకుంటం. పిల్లలు పుడితె ఇంకో అర్ర ఏస్తం. కొత్త అర్ర ఏసినమని పాత అర్రల దీపం పెట్టకుంట ఉంటమా?" ఆ ప్రశ్నను తీసుకుపోయి మాస్టారిని అడిగాను. ఆయన మెట్లు అన్నది తన సౌకర్యం కోసమేనని, ఆ పోలిక బాగుందని, ఎవరిదని అడిగారు. మా టీచరుదని చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆమె ఉద్యోగం మానిన కొన్నేళ్లకు పక్షవాతం వచ్చింది. నేను అప్పుడు ఖటక్ చించోళిలో టీచరుగా పని చేస్తున్నాను. కబురు తెలిసి వచ్చేసరికి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి కొంచెం వాలింది, నడవగలుగుతోంది. పోయింది మాట. ఆమె తమ్ముడి కోడలు ప్రేమలత కనిపెట్టుకుని ఉంది, మంచి పిల్ల. ఆమె నన్ను చూడగానే, "అక్కా, నాలుగు దినాల సంది 'బ' అంటది, 'బ' అంటది. ఏం గావాల్నో సమజైతలేదు. బ్రెడ్డు ఇచ్చిన, ఒద్దన్నది. బైబిలు తెచ్చిన, ఒద్దన్నది. బట్ట మారుస్త అంటె కొట్టొచ్చింది" అని ఏడ్చింది. నేను దగ్గరికి పోయాను. టీచరమ్మ నా ముఖం చూసి, నోరు తిప్పుకుని, "బ" అంది. కళ్లలో ఆ పాత కోపం ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా, ఒక్కొక్క వస్తువు పేరు చెప్పి అడుగుతున్నారు. గట్టిగా అడిగేకొద్దీ ఆమె ముఖం మూసుకుపోతోంది.

నేను ఏమీ అడగలేదు. ఆమె ఎడమచేతిని నా భుజం మీద వేసుకున్నాను. "ఎటు పోవాల్నో పోదాం పాండ్రి టీచరమ్మా" అన్నాను. లేచింది. మెల్లగా గది దాటింది, వాకిలి దాటింది, చింతపండు ఒలిచే మంచం దాటింది. గేటు దగ్గరికి పోయి ఆగింది. గొళ్లెం మీద చెయ్యి పెట్టి పైకి లేపబోయింది. రోగికి అలసట అని ప్రేమలత నాలుగు రోజులుగా ఆ గేటు వేసి ఉంచింది. ఆ గల్లీ పిల్లలు రోజూ సాయంత్రం ఆ వాకిట్లోనే ఆడుకునేవారు. నేను గొళ్లెం తీశాను. ఆమె గేటును తోసి, గోడకు ఆనుకుని నిలబడింది. "బ" అన్నది బిడ్డలు అనో, బాగిలు అనో నాకు ఇప్పటికీ తెలియదు. బాగిలు అంటే కన్నడంలో తలుపు. రెండూ అయి ఉండవచ్చు. కాసేపటికి ఎదురింటి పిల్లలిద్దరు తొంగిచూసి, లోపలికి రావచ్చా అన్నట్టు నా వంక చూశారు. ఆమె నవ్వింది, మూతి ఒక పక్కకు పోయిన నవ్వు.

ఆ తరువాత ఆమె మాట కొంత తిరిగి వచ్చింది. ఎలా వచ్చిందో పక్కన ఉండి చూశాను. పిల్లల పలక తుడుస్తుంటే "పలక" వచ్చింది. ఊరికే అడిగితే రాలేదు. చీర కుచ్చిళ్లు పోస్తుంటే "కుచ్చిళ్లు" వచ్చింది. ప్రేమలత ఆ కిటుకు తెలుసుకుని, వస్తువును చూపించడం మాని చేతికివ్వడం మొదలుపెట్టింది. ఒక వేసవిలో నేను వెళ్లేసరికి టీచరమ్మ మంచం మీద కూర్చుని, ఒక్కొక్క మాటనే ఏరుకుంటూ, "పాత అర్రల... దీపం... ఉన్నది" అంది. చాలా తృప్తిగా ఉంది ఆ ముఖం. ఆ తరువాత ఆమె ఇంకా కొన్నేళ్లు ఉంది. గేటు మళ్లీ ఎవరూ వేయలేదు. ఒక చలికాలం ఉదయం నిద్రలోనే పోయింది. ఆమెను మోసినవాళ్లలో మోజెస్ ఉన్నాడు. శరణమ్మ తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

నేను ఆమెలా గొప్పగా బడి నడిపానని చెప్పను. నాకు ఆమె కోపమూ లేదు, ఆ ధైర్యమూ లేదు. ఆమె దగ్గర నాకు వచ్చినది ఒక్కటే. పిల్ల జవాబు చెప్పకపోతే ప్రశ్నను ఇంకా గట్టిగా అడగకుండా ఉండటం. వినడానికి చిన్న సంగతి, చేయడానికి ఎంత కష్టమో రోజూ బడికి పోయేవాళ్లకు తెలుసు.

ఖటక్ చించోళిలో నా చివరి ఏడు. చెరకు కొట్టే పనికి వచ్చిన వాళ్ల పిల్ల ఒకతె తరగతికి వచ్చేది, చెల్లెలిని కూడా తెచ్చుకునేది. ఇంట్లో వాళ్లది మరాఠీ. సగం గురించి చెబుతున్నాను. సగం అంటే ఏమిటని అడిగితే అందరూ చేతులెత్తారు, ఆ పిల్ల ఎత్తలేదు. మధ్యాహ్నం ఆమె పక్కన పోయి కూర్చున్నాను. ఆమె జొన్నరొట్టెను రెండు చేసింది. ఒక ముక్క పెద్దదిగా వచ్చింది. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుని, చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక ముక్కను రెండో ముక్క మీద పెట్టి చూసింది. అంచులు కలవలేదు. ఎక్కువైనచోట వేలితో తడిమింది. కాసేపు ఆలోచించి, పెద్ద ముక్కనే చెల్లెలి చేతిలో పెట్టింది. సగమంటే ఏమిటో ఆ చేతులకు తెలుసు. ఆ పూట నేను నల్లబల్ల మీద ఏమీ రాయలేదు.